వడ్డీ లేని బ్యాంకు: హైదరాబాదు అనుభవం

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో నా పక్కన కూర్చుని చదువుకునే అశోక్‌నగర్ హాస్టలు కుర్రవాడొకడు మొన్న నన్నొక ప్రశ్న అడిగాడు: "ఇస్లామిక్ బ్యాంకింగ్ మనవంటి దేశంలో నిలబడుతుందంటారా, సార్?" ఉద్యోగ పరీక్ష కోసమనుకున్నాను. నారాయణగూడ చౌరస్తా దాకా కలిసి నడిచేసరికి అసలు సంగతి బయటపడింది. అతని కోచింగు ఫీజుకు వాళ్ల నాయన నెలకు నూటికి 3 రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. ఏడాదికి నూటికి 36 అన్నమాట. కనుక దీన్ని మతశాస్త్ర చర్చగా కాక, అప్పుపడ్డవాడి ప్రశ్నగా పరిశీలిద్దాం.

ఇస్లాం వడ్డీని నిషేధించింది, వర్తకాన్ని నిషేధించలేదు. కాలం గడిచినంత మాత్రాన డబ్బు డబ్బును కనరాదు, పెట్టుబడి పెట్టినవాడు లాభంతోపాటు నష్టాన్నీ భరించాలి అన్నది సూత్రం. దీన్ని ఆచరణలో పెట్టి చూసిన చోట్లలో మన హైదరాబాదు ముందు వరసలోనిది. 1923లోనే ఇక్కడ ప్రభుత్వోద్యోగులు వడ్డీలేని పరస్పర సహాయ సంఘం పెట్టుకున్నారు. అందులో హిందువులూ సభ్యులే. ఉస్మానియాలో అర్థశాస్త్రం బోధించిన అన్వర్ ఇక్బాల్ ఖురేషీ 1940లలో వడ్డీ సిద్ధాంతం మీద గ్రంథం రాశాడు. అక్కడి అధ్యాపకుడే అయిన ముహమ్మద్ హమీదుల్లా హైదరాబాదు సంఘాల చరిత్రను 1955లో విదేశీ పండితుల ముందు పెట్టాడు. 1966లో వెలసిన తూర్ బైతుల్‌మాల్ నగలు కుదువ పెట్టుకుని వడ్డీలేని అప్పులిచ్చింది.

ఇలాంటి సంఘాలు ఎందువల్ల నిలుస్తాయి? సభ్యులు ఒకరినొకరు ఎరిగినవారు. దాచుకునేదీ వారే, అప్పు తీసుకునేదీ వారే. ఒకటో తారీఖున జీతం వస్తుంది గనుక బాకీ మునగదు. పెళ్లికీ జబ్బుకీ ఇవి అక్కరకొస్తాయి. కాని సేద్యానికీ పరిశ్రమకూ పెట్టుబడి సమకూర్చే శక్తి వీటికి లేదు.

మరి అదే కాలంలో పల్లెల సంగతేమిటి? ముస్లిం ప్రభువు ఏలుబడిలోనే 1942లో తలుపులు తెరిచిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు వడ్డీ బ్యాంకే. జనాన్ని అప్పుల్లో ముంచినవారిలో దేశ్‌ముఖులూ మార్వాడీలూ ఉన్నారు, అరబ్బులూ రోహిల్లాలూ ఉన్నారు. వడ్డీకి మతం లేదు. మా తాత విత్తనాల వేళ పుట్టెడు ధాన్యం నాగుకు తెచ్చి, కల్లం దగ్గర పుట్టిన్నర కొలిచేవాడని మా నాయన చెప్పేవాడు. నగరంలో పండితులు వడ్డీ న్యాయాన్యాయాలను తర్కిస్తున్న దశాబ్దంలోనే, నల్లగొండ, వరంగల్లు రైతులు 1946లో మొదలైన పోరాటంలో అప్పుపత్రాలు తగలబెట్టారు. ఒకే ప్రశ్నకు అవి రెండు సమాధానాలు.

బయటి ప్రపంచానికి వద్దాం. 1963లో ఈజిప్టులోని మీత్ గమ్ర్‌లో అహ్మద్ అల్ నజ్జార్ జర్మన్ పొదుపు బ్యాంకుల తరహాలో, చిన్న రైతుల దాపుడు సొమ్ముతో వడ్డీలేని బ్యాంకు నడిపాడు. అది 1967 దాకా సాగింది. తరువాత చమురు డబ్బు వచ్చింది. 1975లో దుబాయి ఇస్లామిక్ బ్యాంకు పుట్టింది. లాభనష్టాల భాగస్వామ్యం పుస్తకాల్లో మిగిలి, మురాబహా ముందుకొచ్చింది. బ్యాంకు లక్ష రూపాయల ట్రాక్టరు కొని, వాయిదాల మీద లక్షా ఇరవై వేలకు రైతుకు అమ్ముతుందనుకోండి. దాని పేరు లాభం. రైతు మోసే బరువు మాత్రం వడ్డీదే.

మన 1949 బ్యాంకింగ్ చట్టం బ్యాంకులు సరుకుల వ్యాపారం చేయరాదంటుంది. 2008లో రఘురాం రాజన్ కమిటీ వడ్డీలేని బ్యాంకింగును సిఫారసు చేసింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ఆలోచనను పక్కన పెట్టింది. చట్టం చూపు సరిగా ఆనని చోట ఏమవుతుందో 2019లో బెంగుళూరు చూపింది. 'హలాల్' లాభాలు చూపిన ఐ.ఎం.ఎ. సంస్థ కూలి వేలాది ముస్లిం కుటుంబాల పొదుపు మట్టి కలిసింది. ఇటు 2010లో మైక్రోఫైనాన్సు వసూళ్ల వేధింపులకు మన రాష్ట్రంలో ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2012 నుంచి మహిళా సంఘాలకు వడ్డీలేని రుణాలిచ్చారు. అయితే అక్కడా వడ్డీ మాయం కాలేదు. ఖజానా చెల్లించింది, అంతే.

కాబట్టి ప్రశ్న వడ్డీ ఉందా లేదా అన్నది మాత్రమే కాదు. దాన్ని ఎవరు చెల్లిస్తున్నారు, ఎవరు తింటున్నారు అన్నది. శ్రామికులు తమ సొమ్మును తామే నడుపుకునే సహకార సంఘంగా వడ్డీలేని రుణం ఈ దేశంలో నిలబడగలదు. 1923 నాటి ఉద్యోగులు మతాలు కలిపి నిరూపించారు. వాటాదారుల లాభం కోసం నడిచే బ్యాంకుకు పెట్టే కొత్త పేరుగా మాత్రం అది అప్పుపడ్డవాణ్ణి ఉద్ధరించదు. భూమీ, కూలీ, గిట్టుబాటు ధర, ఉచిత విద్య సమకూరితే నూటికి మూడు రూపాయల వడ్డీకి చేయి చాపే అగత్యమే తగ్గుతుంది.

ఆ కుర్రవాడికి నేనిదే చెప్పాను. "పరీక్షలో ఇలా రాస్తే మార్కులు వేస్తారా, సార్?" అన్నాడు నవ్వుతూ. వాళ్ల నాయన తేవలసిన రెండో వాయిదా ఆ నెలాఖరుకే.