పనిలో దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది? నష్టపరిహార చట్టం వెనకున్న కథ

సెలవులొస్తే మనలో చాలామంది మేస్త్రీ వెంట పనికి పోతాం. అక్కడ కాలో చెయ్యో పోతే ఆ ఖర్చు ఎవరు భరించాలి? దీని మీద దాదాపు 200 ఏళ్ళ పోరాటం ఉంది. కొంచెం పొడుగు పోస్ట్, ఓపిగ్గా చదవండి.

1837లో ఇంగ్లాండులో ఒక కేసు నడిచింది. మాంసం కొట్టులో పనిచేసే ఒకతను సరుకు బండిలో పోతుంటే, బరువు ఎక్కువై బండి విరిగింది, అతని తొడ ఎముక విరిగింది. జ్యూరీ 100 పౌండ్లు ఇవ్వమంది. పై జడ్జీలు కుదరదన్నారు. ప్రమాదమని తెలిస్తే పని మానెయ్యొచ్చు కదా అన్నారు. పని మానేస్తే ఇంట్లో ఏం తినాలో మాత్రం చెప్పలేదు.

1880లో బ్రిటన్‌లో కూలీల వైపు ఒక చట్టం వచ్చింది. యజమానులు దానికీ దారి వెతికారు. ఈ చట్టం కింద ఏమీ అడగను అని ముందే ఒప్పందం చేయించుకున్నారు. 1882లో కోర్టు ఆ ఒప్పందం చెల్లుతుందంది.

1884లో జర్మనీ వేరే దారి పట్టింది. ఒక్కో పరిశ్రమలో యజమానులంతా సంఘంగా కలిసి బీమా డబ్బు కట్టాలి. తప్పు ఎవరిదని చూడకుండా గాయపడినవాడికి అందులోంచి ఇవ్వాలి. మొదటి 13 వారాలు మాత్రం జబ్బు నిధి చూసుకునేది. ఇందులో యజమానికీ లాభం ఉంది. కోర్టు గొడవ తప్పుతుంది, ఖర్చు ఒక్కసారిగా మీద పడదు. ప్రమాదాలు పెరిగితే అందరి ఖర్చూ పెరుగుతుంది కాబట్టి ఆ సంఘాలే భద్రత నియమాలు పెట్టాయి. 1897లో బ్రిటన్ కూడా తప్పు ఎవరిదని అడగని చట్టం చేసింది.

మన దేశంలో 1855 చట్టం ప్రకారం మనిషి చనిపోతే కుటుంబం కోర్టుకి పోవచ్చు. కానీ యజమాని తప్పు నిరూపించాలి. కూలివాడి భార్యకి అది అయ్యే పనేనా? 1923లో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం వచ్చింది, 1924 జులై 1 నుంచి అమలైంది. మొదట్లో మరణానికి 30 నెలల జీతం లేదా 2,500 రూపాయలు, ఏది తక్కువైతే అది.

డబ్బు తక్కువే. కానీ ఖర్చు తప్పించుకునే ఎత్తులకి ఈ చట్టం అడ్డుకట్టలు వేసింది. అవి మనం గుర్తుపెట్టుకోవాలి.

సెక్షన్ 17: హక్కు వదులుకుంటున్నా అని రాయించుకున్న కాగితం చెల్లదు.

సెక్షన్ 8: మనిషి చనిపోతే పరిహారం కమిషనర్ దగ్గరే జమ చెయ్యాలి. ఇంటికొచ్చి చేతిలో పెట్టింది పరిహారం కింద లెక్కకి రాదు.

సెక్షన్ 12: యజమాని తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టర్‌కి ఇచ్చినా, పరిహారం బాధ్యత అసలు యజమానిది. తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు.

ఈ మూడోది మనకి చాలా ముఖ్యం. మేస్త్రీ చాలాసార్లు మన ఊరోడే, వరసకి మామో బావో అవుతాడు. ఆయన మీద కేసేంటని నోరు మూసుకుంటాం. కానీ అడగాల్సింది ఆయన్ని కాదు, పై కంపెనీని.

ఆలస్యం చేసినా యజమానికే నష్టం. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం దాకా జరిమానా. ఒడిశా నుంచి వచ్చిన ఒక కేసులో, 1968లో వడ్రంగి కింద పడితే ఎడమ చెయ్యి మోచేతి పైకి తీసేశారు. పూర్తి వైకల్యం కాదని యజమాని వాదించాడు. 1975లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఒంటి చేత్తో వడ్రంగం చెయ్యలేడు కాబట్టి సంపాదన మొత్తం పోయినట్టేనంది. డబ్బు ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అని చెప్పి జరిమానా కూడా నిలబెట్టింది.

అంటే యజమానికి ఖర్చు తగ్గే సరైన దారి బీమా కట్టడం, బెల్టూ హెల్మెటూ ఇవ్వడం, ఆసుపత్రికి తీసుకెళ్ళి టైంకి కట్టెయ్యడం. కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం కాదు.

2020 సామాజిక భద్రత కోడ్‌లో ఈ చట్టాన్ని కలిపారు. ఈ రక్షణలు అందులోనూ ఉన్నాయి. ఈఎస్ఐ ఉన్నచోట దారి వేరు, పరిహారం ఈఎస్ఐ నుంచే వస్తుంది.

పనికి పోయే ముందు అసలు కంపెనీ పేరు రాసుకోండి. హాజరు చీటీ ఫోటో తీసి పెట్టుకోండి. దెబ్బ తగిలితే వెంటనే రాతపూర్వకంగా తెలపండి. దరఖాస్తుకి రెండేళ్ళ గడువుంది. చదువురాని మన అమ్మానాన్నలకి ఇది మన భాషలో చదివి వినిపించండి.