ఆచార్య టోల్కీన్: పదము, పోరు, కావ్యము

జాన్ రోనల్డ్ రూయెల్ టోల్కీన్ పేరు వినగానే నేటి విద్యార్థికి స్ఫురించునది ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అను పెద్ద కథ. చలనచిత్రములు వచ్చిన పిదప ఆ కీర్తి మరింత ప్రబలినది. ఆ కథాకర్త 1925 మొదలు 1959 వరకు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడనియు, ఆయన జీవిక ప్రాచీనాంగ్ల బోధనమనియు, అంతకు పూర్వము సోం యుద్ధరంగమున కందకములలో నిలిచిన సైనికాధికారి యనియు ఎరిగినవారు తక్కువ. ఈ మూడు జీవితములును వేర్వేరు గావనియు, అవి కలిసిన తావు ఆయన వ్రాసిన ఒక చిన్న రచనయందు కలదనియు నా యభిప్రాయము.

ఆయన 1892 జనవరి 3న దక్షిణాఫ్రికాలోని బ్లూంఫాంటేన్‌లో జన్మించి, మూడేండ్ల ప్రాయమున తల్లితో ఇంగ్లండు చేరెను. 1896లో తండ్రియు, 1904లో తల్లియు గతించిరి. బర్మింగ్‌హాంలో చదువునాడు క్రిస్టఫర్ వైజ్‌మన్, రాబర్ట్ గిల్సన్, జెఫ్రీ స్మిత్ అను మువ్వురితో గాఢమైన మైత్రి యేర్పడినది. 1915లో ఆక్స్‌ఫర్డున ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడై సైన్యమున చేరెను. మరుసటి మార్చిలో వివాహము, జూన్‌లో ఫ్రాన్సు ప్రయాణము.

లాంకషైర్ ఫ్యూజిలియర్స్ 11వ దళమున ఆయన వార్తాసంకేతముల అధికారి. 1916 జూలై 1న సోం దాడి మొదలైన ఒక్క దినముననే బ్రిటిషు సైన్యమున 19,240 మంది మరణించిరి. వారిలో గిల్సన్ ఒకడు. జూలై నడుమ టోల్కీన్ దళము ఒవిలేర్ గ్రామము కొరకు పోరాడెను. (ఆ జూలై 14ననే, అచటికి కొన్ని మైళ్ల దూరమున, హైదరాబాదు కంటింజెంటు నుండి పరిణమించిన 20వ దక్కన్ హార్స్ అశ్వదళము హైవుడ్ వద్ద బల్లెములతో దాడి చేసినది. మనవారు జ్ఞాపకముంచుకొనదగిన సంగతి.) పేల వలన సంక్రమించు కందకజ్వరము సోకి టోల్కీన్ నవంబరు 8న ఇంగ్లండునకు పంపబడెను. డిసెంబరు 3న స్మిత్ గుండు తునక చేసిన గాయముతో మరణించెను. తాను పోయినచో తామందరు చెప్పదలచిన దానిని టోల్కీన్ చెప్పవలెనని స్మిత్ అంతకు ముందే ఒక లేఖలో కోరియుండెను. 1918లో వెలువడిన స్మిత్ కవితాసంపుటికి ముందుమాట వ్రాసినది టోల్కీనే.

యుద్ధానంతరము దొరికిన మొదటి ఉద్యోగము ఆక్స్‌ఫర్డు ఆంగ్లనిఘంటువున, హెన్రీ బ్రాడ్లీ చేతిక్రింద. ‘డబ్ల్యు’తో మొదలగు కొన్ని పదముల వ్యుత్పత్తి ఆయన వంతు. ‘వాల్రస్’ అను ఒక్క మాటకు ఆయన మరల మరల వ్రాసికొన్న చిత్తుప్రతులు నేటికిని నిలిచియున్నవి. సూర్యరాయాంధ్ర నిఘంటువు చరిత్ర తెలిసిన మనకు ఆ శ్రమ ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. పిదప 1920లో లీడ్స్, 1925లో ఆక్స్‌ఫర్డు. 1929 నాటి వ్యాసములో, పదుమూడవ శతాబ్ది నాటి రెండు వ్రాతప్రతులు వేర్వేరు లేఖకుల చేతివైనను ఒకే వర్ణక్రమమును, ఒకే వ్యాకరణమును పాటించినవని ఆయన నిరూపించెను. నార్మనుల విజయము పిమ్మటను పశ్చిమ మధ్యదేశమున ఆంగ్లభాషకు ఒక వ్రాతసంప్రదాయము తెగక నిలిచియుండెనని దీనివలన తేలినది. ఆయన శాస్త్రకృషిలో నేను మిక్కిలి విలువనిచ్చునది ఇదియే. 1936లో బేవుల్ఫ్ కావ్యముపై ఇచ్చిన ఉపన్యాసము ఎక్కువ ప్రసిద్ధము. చరిత్రకు ఆకరముగా మాత్రమే తవ్వబడుచున్న గ్రంథమును కావ్యముగా చదువుడని అందు వాదించెను. తరగతిలో ఆయన మాట త్వరితమై స్పష్టముగ వినబడకుండెడిదని శిష్యుల ఫిర్యాదు. బేవుల్ఫ్ మొదటి పాదములను బిగ్గరగా చదివి పాఠమారంభించినప్పుడు మాత్రము గది నిశ్చేష్టమయ్యెడిదని వారే చెప్పుదురు.

ఇక నేను పైన సూచించిన చిన్న రచన. 991లో ఎసెక్సు తీరమున మాల్డన్ వద్ద వైకింగులతో పోరు జరిగినది. శత్రువులు దీవిలో చిక్కియుండిరి. సన్నని గట్టుదారిని కొద్దిమంది కాపాడగలిగిరి. అట్టి యెడ ఆంగ్లనాయకుడు బిర్‌హ్‌త్‌నోథ్ వారిని దాటి రానిచ్చి, తానును తన పరివారమును నేలకూలెను. ఆ కథ చెప్పు ప్రాచీనాంగ్ల కావ్యము ఆద్యంతములు లోపించి 325 పాదములుగ మిగిలినది. నాయకుడు దారి విడుచుటకు కారణముగ కవి వాడిన పదము ‘ఒఫెర్‌మోద్’. ‘ఒఫెర్’ మన ‘ఉపరి’కి జ్ఞాతి, ‘మోద్’ అనగా మనస్సు, ధైర్యము. అర్థమును బట్టి ‘అతిమానము’ అను మాట దీనికి దగ్గరగ నుండునని నాకు తోచును. పద్యవాఙ్మయమున ఈ నామవాచకము రెండు తావులనే కలదనియు, రెండవది లూసిఫర్‌ను గూర్చినదనియు టోల్కీన్ చూపెను. కనుక కవి పొగడినది ప్రభువు దర్పమును కాదు. ఆ దర్పమునకు బలియై, తమ మాట తప్పక నిలిచిన క్రిందివారిని. తన ప్రాణమును పణమొడ్డు హక్కు వీరునికి కలదు, పరుల ప్రాణములను కీర్తికై వెచ్చించు హక్కు నాయకునికి లేదు. ఆయన వాదసారమిది.

నిఘంటుకారుని పదపరీక్షయే ఈ వాదమునకు ఆధారము. అయినను పైవారి యాజ్ఞలను క్రిందివారికి చేర్చుటయే 1916లో తన విధియైన వ్యక్తి ఈ మాట వ్రాసెనని మరచుట నాకు సాధ్యము కాదు. ఆ యాజ్ఞలు ఎవరిని ఎచటికి పంపినవో ఆయన కన్నులార చూచెను. మాల్డన్ కవి ఉద్దేశము అది కాదని వాదించిన విమర్శకులును కలరు. వారి పక్షమును తీసివేయదగినది కాదు. పల్నాటి వీరచరిత్ర పాఠము చెప్పువారికి ఈ చిక్కు పరిచితమే. సంధిమాట నడుచుచుండగ బాలచంద్రుడు కదనమునకు దూకిన ఘట్టము రాగానే, ఇది శౌర్యమా, తొందరపాటా యని ఎవరో ఒక విద్యార్థి నన్ను ఏటేట అడుగుచునే యున్నాడు.

1953లో అచ్చయిన ఈ వ్యాసమునకు ముందు టోల్కీన్ ఒక పద్యసంవాదమును చేర్చెను. పోరు ముగిసిన రాత్రి ఇద్దరు సేవకులు నాయకుని మొండెమును వెదకుచు శవముల నడుమ తిరుగుదురు. ఒకడు వీరగాథలు వల్లించు యువకుడు. రెండవవాడు పోరులు చూచిన ముదుసలి కాపు. చివరకు మొండెమును బండిపై వేసికొని ఈలీ మఠమునకు సాగుదురు. ఇది 1954లో బి.బి.సి. నుండి ప్రసారమైనది. ఆయన 1973 సెప్టెంబరు 2న గతించెను. 2023లో వెలువడిన సంపుటమున మాల్డన్ కావ్యమునకు ఆయన చేసిన గద్యానువాదమును ఈ సంవాదముతో కూడ చదువ వీలైనది.