మెడ ఆపరేషన్ తర్వాత మళ్ళీ బరువులు: ఆ లెక్క ఎక్కడ పుట్టింది?



మా బావకి మెడ ఆపరేషన్ అయ్యి ఎనిమిది నెలలైంది. అంతకుముందు రోజూ జిమ్‌కి వెళ్ళే మనిషి. ఇప్పుడు మా అత్త ఆయన్ని నీళ్ళ బిందె కూడా ముట్టుకోనివ్వదు. జిమ్ కుర్రాళ్ళేమో "ఏం కాదన్నా, వచ్చెయ్" అంటున్నారు. డాక్టరు గారు ఎక్స్‌రే చూసి "ఎముక అతుక్కుంది, కొద్దికొద్దిగా మొదలుపెట్టండి" అన్నారు. కొద్దికొద్దిగా అంటే ఎంత? మనలో ఇంకొన్ని ఇళ్ళలోనూ ఈ మాట నడుస్తోంది కాబట్టి, దీని వెనక ఉన్న చరిత్ర రాస్తున్నాను.

బరువు ఎత్తడం మనకి కొత్త కాదు. మేముండే దక్షిణ తమిళనాడు ఊళ్ళలో ఇళవట్టక్కల్ అనే గుండ్రాయి ఉంటుంది. పొంగల్ రోజుల్లో కుర్రాళ్ళు దాన్ని భుజం మీదికెత్తి వెనక్కి పడేస్తారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఏనుగుని రొమ్ము మీదికి ఎక్కించుకున్న సంగతి ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆయన చివరి రోజులు గడిపింది ఒడిశాలోని బలాంగీర్‌లోనే. అయితే ఈ కథలన్నీ ఎవరు ఎంత ఎత్తారో చెప్తాయి. ఒళ్ళు దెబ్బతిన్నవాడు మళ్ళీ ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో చెప్పవు.

ఆ పాఠం ఒక ఆసుపత్రిలో తయారైంది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1944లో అమెరికాలోని షికాగోలో, గార్డినర్ జనరల్ హాస్పిటల్ అనే సైనిక ఆసుపత్రిలో థామస్ డిలోర్మ్ అనే యువ డాక్టరు ఉండేవాడు. చిన్న వయసులో రుమాటిక్ జ్వరంతో మంచం పట్టి, తర్వాత బరువులు ఎత్తి ఒళ్ళు బాగుచేసుకున్న మనిషి. మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులు ఆయన దగ్గరికి వచ్చేవారు. అప్పటి పద్ధతి ప్రకారం వాళ్ళచేత తేలిక బరువులు ఎక్కువసార్లు ఎత్తించేవారు. దాంతో ఓపిక పెరుగుతుంది గానీ బలం తిరిగి రాదని డిలోర్మ్ వాదన. బలం కావాలంటే బరువు పెంచి, తక్కువసార్లు ఎత్తించాలన్నాడు. 1945లో దాన్ని వ్యాసంగా రాశాడు.

1948లో ఆర్థర్ వాట్కిన్స్ అనే డాక్టరుతో కలిసి ఆ లెక్కను సులువు చేశాడు. సరిగ్గా పదిసార్లు ఎత్తగలిగే బరువు ఎంతో ముందు తేల్చుకోవాలి. మొదటి విడత అందులో సగంతో పదిసార్లు, రెండోది ముప్పాతికతో పదిసార్లు, మూడోది పూర్తి బరువుతో పదిసార్లు. పదికి మించి ఎత్తగలిగినప్పుడే బరువు పెంచాలి. ఇవాళ ప్రతి జిమ్‌లో వినబడే "మూడు సెట్లు, పది రెప్స్" ఈ లెక్కతోనే పాతుకుపోయింది.

ఇంచుమించు అదే కాలంలో మెడ ఆపరేషన్ కూడా మారింది. 1955లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌కి చెందిన రాబిన్సన్, స్మిత్ అనే డాక్టర్లు మెడ ముందువైపు నుంచి డిస్కు తీసే పద్ధతి రాశారు. 1958లో హొనొలులులో క్లోవర్డ్ తనదైన పద్ధతి రాశాడు. శ్వాసనాళాన్ని, అన్నవాహికను పక్కకి జరిపి, పాడైన డిస్కు తీసేసి, తుంటి నుంచి తీసిన ఎముక ముక్క పెట్టేవారు. మెడ వెనక ఉన్న లావుపాటి కండరాలను కోయనక్కర్లేదు. ప్లేట్లు, స్క్రూల వాడకం తర్వాత పెరిగింది. అవి ఎముక అతుక్కునేదాకా పట్టి ఉంచడానికే. ఆ తర్వాత బరువు మోసేది ఎముకే. దానికి నెలలు పడుతుంది, పొగతాగేవాళ్ళకి ఇంకా ఆలస్యం. అందుకే తేదీ చూసి కాకుండా ఎక్స్‌రే చూసి అనుమతిస్తారు.

డిలోర్మ్ లెక్క మోకాళ్ళ కోసం పుట్టింది. దాన్ని మెడకి ఉన్నదున్నట్టు వాడకూడదు. మెడ విషయంలో ఎంత బరువుతో మొదలుపెట్టాలో డాక్టరు, ఫిజియోథెరపిస్టు చెప్పాలి. మనం తీసుకోవాల్సింది ఆ లెక్క వెనకున్న నియమం: కొలవాల్సింది ఇవాళ్టి బలాన్ని. ఆపరేషన్‌కి ముందు ఎత్తిన బరువు ఇప్పుడు లెక్కలోకి రాదు.

ముందు నడక. తర్వాత చేతులకి, భుజాలకి తేలిక బరువులు. తలపైకి ఎత్తేవి, మెడ మీద బార్ పెట్టుకునేవి, ఊపిరి బిగబట్టి చేసేవి అన్నిటికన్నా చివర, అదీ డాక్టరు సరే అంటేనే. అతికిన ఎముక దగ్గర మెడ కదలదు కాబట్టి దాని పైనా కిందా ఉన్న డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది. చేతికి కొత్తగా తిమ్మిరి వచ్చినా, పట్టు తగ్గినా, నడక తూలినా, మూత్రం మీద అదుపు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

మా అత్త భయంలోనూ న్యాయం ఉంది. కానీ పూర్తిగా కదలకుండా కూర్చుంటే కండ కరిగిపోతుంది, అప్పుడు బిందె నిజంగానే బరువవుతుంది. మన ఇళ్ళలో ఆపరేషన్ అయినవాళ్ళని అటు భయపెట్టొద్దు, ఇటు రెచ్చగొట్టొద్దు. ఒక నోటుపుస్తకం కొనిచ్చి, ఇవాళ ఎంత ఎత్తారో, ఎన్నిసార్లు ఎత్తారో రాసుకోమనండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం పట్టుకెళ్ళమనండి.