విడిపోయిన తల్లిదండ్రులకు కౌన్సెలింగ్: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం

విడిపోయిన లేదా విడాకులు తీసుకున్న తల్లిదండ్రులు పిల్లల పెంపకంలో ఇద్దరూ పాలుపంచుకునేలా దారి చూపే సలహా ప్రక్రియ ఇది. దంపతుల్ని మళ్లీ కలపడం దీని ఉద్దేశం కాదు. కాపురం ముగిసిందని ఇద్దరూ ఒప్పుకున్నాక కూడా బడి ఫీజు ఎవరు కట్టాలి, దసరా సెలవుల్లో బిడ్డ ఎవరింట్లో ఉండాలి, జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్న ప్రశ్నలు మిగిలే ఉంటాయి. కౌన్సెలింగ్ వాటిని తేల్చడానికి.

ప్రాంతం, బతుకుతెరువు

2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుంచి విడివడి ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ మూడు పట్టణాలనూ బెంగళూరు రైలు మార్గం కలుపుతుంది. హిందూపురానికి బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లు. గౌరిబిదనూరు, మడకశిర, పావగడ వైపు తెలుగు, కన్నడ కుటుంబాల మధ్య పెళ్లి సంబంధాలు మామూలే. విడిపోయినప్పుడు ఆంధ్ర, కర్ణాటక సరిహద్దే అడ్డం వస్తుంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం బిడ్డ సంరక్షణ కేసు బిడ్డ మామూలుగా నివసించే చోటి కోర్టులో వెయ్యాలి. తల్లి బిడ్డతో బెంగళూరులోని అమ్మగారింట్లో స్థిరపడితే, హిందూపురంలో ఉన్న తండ్రి అక్కడికే పోవాలి. ఒక రాష్ట్రంలోని కేసును ఇంకో రాష్ట్రానికి మార్చాలంటే సుప్రీంకోర్టు గడప తొక్కాల్సిందే. అంత దూరం పోయే స్తోమత లేనివాళ్లకు ఇద్దరూ కూర్చుని రాసుకునే ఒప్పందమే దిక్కు.

బతుకుతెరువు తెలియకుండా ఇక్కడ కౌన్సెలింగ్ చెయ్యలేరు. ధర్మవరం పట్టు చీర నేసే ఇళ్లలో మగ్గం ఇంట్లోనే ఉంటుంది. ఒకరు నేస్తే ఒకరు కండెలు చుడతారు. భార్యాభర్తలు విడిపోతే సంసారంతో పాటు ఆ పనీ చీలిపోతుంది, ఇద్దరి రాబడీ తగ్గుతుంది. అయితే నేత పని చేసే తండ్రి పగలంతా ఇంట్లోనే ఉంటాడు కాబట్టి బిడ్డ బడి నుంచి నేరుగా అతని దగ్గరికి రావచ్చు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ల ఫ్యాక్టరీలోనో, హిందూపురం చుట్టుపక్కల పరిశ్రమల్లోనో షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఆ వీలు లేదు. ‘ప్రతి ఆదివారం పది గంటలకు’ అని రాసిన ఒప్పందం రాత్రి షిఫ్టు వారంలోనే విరిగిపోతుంది. తండ్రి రాలేదని తల్లికి కోపం, బిడ్డను చూపించలేదని తండ్రికి కోపం. షిఫ్టు కాగితం ముందు పెట్టుకుని నెలకు సరిపడా తేదీలు రాసుకుంటే ఈ గొడవ సగం తగ్గుతుంది.

చట్టం చెప్పేది

1955 హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్, 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం 9వ సెక్షన్ రాజీ ప్రయత్నం చెయ్యడాన్ని కోర్టు బాధ్యతగా పెట్టాయి. 2013 ఫిబ్రవరి 22న, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక విడాకుల కేసులోనే, వైవాహిక తగాదాలను మధ్యవర్తిత్వ కేంద్రాలకు పంపాలని సుప్రీంకోర్టు కింది కోర్టులకు సూచించింది. పిల్లల సంగతి హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్‌లో ఉంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టం ప్రకారం ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. ఏ వయసులోనైనా బిడ్డ క్షేమానిదే పైచేయి. హిందూపురంలో పెద్ద సంఖ్యలో ఉన్న ముస్లిం కుటుంబాల్లో హనఫీ సంప్రదాయం ప్రకారం కొడుకు ఏడేళ్ల వరకు, కూతురు యుక్తవయసు వచ్చేవరకు తల్లి దగ్గర ఉంటారు. ఉమ్మడి సంరక్షణకు చట్టంలో చోటివ్వాలని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సిఫారసు చేసింది.

కోర్టుకు రాకముందే చాలా తగాదాలు పెద్దమనుషుల పంచాయితీకి చేరతాయి. అక్కడ స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టించి ‘ఇక ఎవరి దారి వాళ్లది’ అంటారు. కులాచారంగా రుజువైన విడాకులకు తప్ప ఆ కాగితానికి వివాహాన్ని రద్దుచేసే బలం లేదు. ‘బిడ్డ మీద హక్కు వదులుకున్నాను’ అన్న మాట అందులో ఉన్నా కోర్టు దానికి కట్టుబడదు. పెద్దమనుషులైనా, పోలీస్ స్టేషన్ కౌన్సెలింగైనా కాపురం నిలబెట్టడం మీదే దృష్టి పెడతాయి. అది కుదరకపోతే లేచి వెళ్లిపోతారు. అసలు కౌన్సెలింగ్ అక్కడ మొదలవ్వాలి. ఈ లోటు భరించేది పిల్లలు.

కూర్చోబెట్టే పద్ధతి

ముందు తల్లితో, తండ్రితో విడివిడిగా మాట్లాడాలి. కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టకూడదు. అక్కడ 2005 గృహహింస చట్టం కింద రక్షణే మొదటి పని. ఆ చట్టం 21వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు బిడ్డ తాత్కాలిక సంరక్షణను తల్లికి అప్పగించవచ్చు.

ఒప్పందం ఎంత చిన్న విషయాన్ని పట్టించుకుంటే అంత నిలుస్తుంది. బిడ్డను అప్పగించే చోటు ఒకటి చాలు ఉదాహరణకు: తండ్రి ఇంటి గుమ్మంలో అయితే పాత మాటలు లేస్తాయి, బస్టాండులో అయితే పదిమందీ చూస్తారు. శనివారం బడి వదిలే వేళ తండ్రి గేటు దగ్గర తీసుకుని, సోమవారం బడిలో దింపితే ఇద్దరూ ఎదురుపడే అవసరమే రాదు. బడి మార్చేముందు టీసీ ఎవరి సంతకంతో తీసుకోవాలో, తల్లి ఖాతాలో పడే ‘తల్లికి వందనం’ పథకం డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో కూడా రాసుకోవాలి. జేజి, తాతలు ఫోన్‌లో మాట్లాడే వేళను మర్చిపోకూడదు. బిడ్డ చేత కబుర్లు మోయించడం, ‘మీ నాయన ఇంట్లో ఎవరొచ్చినారు?’ అని ఆరా తీయడం ఇద్దరూ మానుకోవాలి. భరణం ఆగిందని బిడ్డను చూపించకపోవడం, చూపించలేదని భరణం ఆపడం రెండూ తప్పే.

న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. నంబరు 15100. హింస ఉంటే 181కి, బిడ్డకు ఆపద ఉంటే 1098కి ఫోన్ చెయ్యవచ్చు. విడాకులు వచ్చి ఏళ్లు గడిచినా 26వ సెక్షన్ కింద ఇచ్చిన ఉత్తర్వును మార్చమని కోరే హక్కు తల్లికీ తండ్రికీ ఉంది. మూడేళ్ల బిడ్డకు రాసుకున్న ఏర్పాటు పదో తరగతి బిడ్డకు సరిపోకపోతే మళ్లీ వెళ్లి అడగండి.