దోషము గుణమైన విధము: ఫజ్ పెడళ్ల కథ



తంబురా శ్రుతి చేయువారు తంత్రుల నానించిన పీటపై, ఒక్కొక్క తంత్రి క్రింద నూలుపోగు నుంచుట మీరు చూచియే యుందురు. పోగు లేకున్నను తంత్రి మ్రోగును; కాని ఆ మ్రోత పొడిగా నుండును. పోగు కుదిరినంతనే తంత్రి పీటను రాయుచు జుమ్మని పలుకును. నాదమునకు జీవము వచ్చును. రాపిడి దోషమని యెంచి ఆ పోగును తీసివేయువాడు శ్రుతి నెఱుగనివాడు. ఈ సంగతిని మనసున నుంచుకొని నేటి ప్రసంగమును వినగోరుచున్నాను.

విద్యుత్తుచే మ్రోగు గిటారు మన పెండ్లిపందిళ్లకును వచ్చినది. కొన్నియెడల దాని స్వరము బొంగురుపోయి తుమ్మెదలగుంపు వలె ఝంకరించును. పెద్దలు చెవులు మూసికొని, యంత్రము చెడినదందురు. నిజమునకు అది కావలెనని చేసిన ధ్వని. దానికి ఫజ్ అని పేరు. వాద్యకాడు కాలితో నొక్కెడి చిన్న పెట్టె, అనగా ఫజ్ పెడల్, దానిని పుట్టించును. అయినను పెద్దల మాట పూర్తిగా తప్పు గాదు. మొదట ఆ ధ్వని చెడిన యంత్రమునుండియే పుట్టినది.

1951వ సంవత్సరమున అమెరికాలోని మెంఫిస్ నగరమున ‘రాకెట్ 88’ అను పాటను రికార్డు చేయునపుడు, గిటారు ధ్వనిని పెంచు ఆంప్లిఫయరు దెబ్బతిని యుండెను. దానిలో కాగితములు కుక్కి పని జరుపగా, ఆ బొంగురు రికార్డుపై నిలిచిపోయెను. 1958లో లింక్ రే అను వాద్యకాడు ‘రంబుల్’ అను కృతికై, తన స్పీకరును పెన్సిలుతో పొడిచి తానే చిల్లులు చేసెను. మొదటివారికి అది ఆపద. రెండవవానికి అది కోరిక.

తరువాతి ఘట్టము నాష్విల్ నగరమున జరిగినది. మార్టీ రాబిన్స్ పాడిన ‘డోంట్ వర్రీ’ అను పాటకు గ్రేడీ మార్టిన్ మంద్రస్థాయి గిటారును వాయించుచుండ, ధ్వనులను కలుపు యంత్రములో నొక భాగము చెడి, స్వరము బొర్రుమని మ్రోగెను. దానిని చెరిపివేయక అట్లే యుంచిరి. 1961లో పాట వెలువడి ప్రసిద్ధి కెక్కెను. అచటి ధ్వనినిపుణుడు గ్లెన్ స్నాడీ ఆ దోషమును పరిశీలించి, ట్రాన్సిస్టర్లతో దానిని బుద్ధిపూర్వకముగా కలిగించు మార్గమును సహాయకునితో కూడి కనిపెట్టెను. గిబ్సన్ సంస్థవారు దానిని గ్రహించి 1962లో మాయెస్ట్రో ఫజ్‌టోన్ అను పేర విక్రయమునకు పెట్టిరి.

ఈ పెట్టెలో జరుగునదేమి? కుంచముపై రాశిగా పోసిన ధాన్యమును కఱ్ఱతో రాచినచో, అంచునకు మించిన గింజలు రాలిపోయి పైభాగము చదునగును గదా. గిటారు పంపు విద్యుత్తరంగము గుండ్రని శిఖరములు గలది. పెట్టె దానిని పలుమడుగులు పెంచి, తన కొలతకు మించిన శిఖరములను రాచివేయును. అట్లు తల చదునైన తరంగమున, మూలస్వరముతోబాటు పై స్వరాంశములనేకము పుట్టును. అదియే ఝంకారము.

రాచు విధమునుబట్టి పెట్టెలు భేదించును. మాయెస్ట్రోలో మూడు జర్మేనియం ట్రాన్సిస్టర్లు. బలము మూడు వోల్టులు మాత్రమే. దాని ధ్వని సన్నము, గరుకు. స్వరము నిలువక చటుక్కున తెగును. బాకాల వలె మ్రోగునని విక్రేతలు చాటినను తొలి యేండ్లలో కొనువారు కొద్దిమంది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందమున కీత్ రిచర్డ్స్ ‘సాటిస్‌ఫాక్షన్’ పాటలో వాడిన పిదప అంగళ్లలో సరకు చాలకపోయెను. ఆ వరుసను ఆయన బాకాలకొఱకు గుర్తుగా మాత్రమే వాయించెను. ఆ గుర్తే పాటకు ప్రాణమైనది.

స్వరము త్వరగా తెగుటయే కొఱతయని తలచిన లండన్ వాద్యకారులకై, గ్యారీ హర్స్ట్ 1965లో తొమ్మిది వోల్టులతో టోన్‌బెండర్‌ను నిర్మించెను. 1966లో ఆర్బిటర్ సంస్థవారి ఫజ్‌ఫేస్ వచ్చెను. అది పళ్లెమువలె గుండ్రనిది, రెండే ట్రాన్సిస్టర్లు. జిమీ హెండ్రిక్స్ చేత ప్రఖ్యాతి గాంచినది. దాని విశేషము చేతికి లోబడుట: గిటారుపైని మర తగ్గించిన నాదము నిర్మలమగును, పెంచిన గర్జించును. 1969 ప్రాంతమున న్యూయార్కులో మైక్ మాథ్యూస్ వెలువరించిన బిగ్‌మఫ్ నాలుగు సిలికాన్ ట్రాన్సిస్టర్లు గలది. దానిలో స్వరము వయొలిన్ కమానుతో లాగినట్లు దీర్ఘముగా నిలుచును. కాని వ్రేళ్ల సూక్ష్మభేదములు కొంత మఱుగుపడును.

ఇక ప్రాచీనవస్తువులపై మోజునుగూర్చి యొక మాట. జర్మేనియం మెత్తగా రాచును. సిలికాన్ పదునుగా కోయును. కాని జర్మేనియమునకు ఎండ పడదు. వేడిమి పెరిగినకొలది లోపల విద్యుత్తు కారి, ధ్వని మారిపోవును. ఒకే దినమున చేసిన రెండు పెట్టెలును ఒకే తీరున మ్రోగవు. కావున నిపుణులు ట్రాన్సిస్టర్లను కొలిచి ఏరి జత చేయుదురు. సిలికాన్ వేసవిలోను స్థిరముగా నుండును. నేడు పాత తీరున క్రొత్త పెట్టెలు చేయువారు పెక్కురు. పాతదను పేరు చూచి అధికమూల్య మిచ్చువాడు, మూతపైని చిత్రమును చూచి తేనె కొన్నవాని వంటివాడు. స్వరమెంత నిలుచును, ఎట్లు తెగును, చేతికెంత లోబడును అను మూడింటిని చెవితో పరీక్షించి కొనుట వివేకము.

సమయమునుబట్టి కావ్యదోషమును గుణమగునని మన ఆలంకారికులు చెప్పియున్నారు. అంతమాత్రమున తప్పులెల్ల కవిత్వము కావు. నాష్విల్‌లో యంత్రము చెడుట దైవికము. దానిలో నాదమును వినుట, కారణము వెదకుట, కావలసినపుడే పుట్టించి అక్కరలేనపుడు ఆపుట మానుషము. ఆ నియమమే దోషమును విద్యగా మార్చినది. కావున ఇకమీదట పందిటిలో గిటారు బొంగురుపోయినపుడు, చెడినదని లేచిపోక యొక్క క్షణము నిలిచి వినుడు. ఆ బొంగురు వాద్యకాని చేతికి లోబడియున్నచో, అది మన తంబురాలోని నూలుపోగునకు దూరపు చుట్టమే. లోబడకున్నచో, మీ మాటయే నిజము.