భైరవుడి వాహనానికి రెండు పూటలా సూది

ఆళ్లగడ్డలో ఉలి పట్టినవాడు ఏదో ఒకనాడు కాలభైరవుణ్ణి చెక్కక తప్పదు. స్వామి చేతిలో వేలాడే తల, దాని కింద మోర ఎత్తి నిలబడ్డ కుక్క. డొక్క లోపలికి పోవాలి, చెవులు నిక్కబొడుచుకోవాలి, తోక మెలి తిరగాలి అని మా నాయన నేర్పాడు. దత్తాత్రేయుడికైతే నాలుగు వేదాలకు గుర్తుగా నాలుగు కుక్కలు. ఇంతకాలం రాతి మధ్య బతికినా ముసలికుక్క విగ్రహాన్ని గానీ, రోగం వచ్చిన కుక్క విగ్రహాన్ని గానీ నేను చూడలేదు. రాతిలో కుక్క ఎప్పుడూ వయసులోనే ఉంటుంది.

మా ఇంట్లోని కుక్క కాళికి మాత్రం వయసు మీద పడింది, షుగర్ వచ్చింది. “కుక్కకు కూడా షుగరొస్తాదా?” అని ఇప్పటికీ అడుగుతారు. వస్తుంది. కుక్కకు బతికినంతకాలం వైద్యం చేయించడమనే ఆచారం మా పక్క ఇంత ఆలస్యంగా ఎందుకు మొదలైందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మన పెద్దలు కుక్కను తక్కువ చేయలేదు. నన్నయ భారతంలో కథ మొదట్లోనే సరమ అనే తల్లికుక్క జనమేజయుడి ముందుకొచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను నీ తమ్ముళ్లు ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. తిక్కన ముగించిన చివరి పర్వాల్లో ధర్మరాజు, వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు. న్యాయం, విశ్వాసం రెండూ అందులో ఉన్నాయి. రోజువారీ వైద్యం మాటకొస్తే శాస్త్రాలు గుర్రాల దగ్గర, ఏనుగుల దగ్గర ఎక్కువ సేపు ఆగాయి. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు సోమేశ్వరుడి మానసోల్లాసంలో కుక్కల గురించి ఒక ప్రకరణమే ఉంది. అదీ రాజుల వేటవినోదం కోసమే.

మా నల్లమలలోనూ అంతే. చెంచుల వెంట వేటకుక్క, గొర్లమంద వెంట కాపలాకుక్క. అహోబిలం నరసింహస్వామి చెంచుల అల్లుడు. కనుమ నాడు మొదలయ్యే ఆయన పారువేట ఉత్సవం నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతుంది. వేట, మంద, కళ్లం, ఇల్లు, ఎక్కడైనా కుక్కది పని బతుకే. పని చేసినన్నాళ్లు మిగిలిన సంగటి పడేది. కాలు పడిపోయాక, చూపు పోయాక దాని బాగోగులు దానివే. జనం కఠినులు కారు. వాళ్లకే వైద్యం లేని రోజులవి.

ఇంగ్లీషు పశువైద్యం వచ్చింది కూడా ఎద్దు కోసమే. నంద్యాల మీదుగా పోయే కె.సి. కాలువ 1860ల్లో తవ్వింది. నీళ్లున్నా దుక్కిటెద్దు పోతే సేద్యం లేదు. ముసర వ్యాధి తగిలితే కొట్టం కొట్టమే ఖాళీ అయ్యేది. 1903లో మద్రాసులో పశువైద్య కళాశాల పెట్టినప్పుడు, 1955లో తిరుపతిలో పెట్టినప్పుడు పల్లె అడిగింది ఎద్దులకూ, బర్రెలకూ మందు. ముసర మీద పోరాటం ఫలించి 2006లో మన దేశంలో ఆ వ్యాధి లేదన్న గుర్తింపు దక్కింది.

కుక్క మాత్రం వైద్యుల లెక్కలోకి భయంగా చేరింది. పిచ్చికుక్క కాటుకు దక్షిణాదిన కూనూరులో 1907లో పాశ్చర్ సంస్థ వెలిసింది. 1911లో కసౌలీలో సెంపుల్ అనే డాక్టరు తయారుచేసిన టీకా బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులుగా మన ఊళ్లకు వచ్చి, దాదాపు 2005 దాకా నిలిచింది. సూది అన్న మాటకూ కుక్క అన్న మాటకూ మా తరం ఎరిగిన సంబంధం అదొక్కటే.

అసలు సంబంధం వేరే ఉంది. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే డాక్టర్లు ఒక కుక్క క్లోమాన్ని తీసేస్తే దానికి మధుమేహం వచ్చింది. రోగం ఎక్కడ పుడుతుందో అప్పుడు తెలిసింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే పరిశోధకులు కుక్కల క్లోమం నుంచి తీసిన ఇన్సులిన్ ఉన్న రసాన్ని మధుమేహం తెప్పించిన కుక్కలకే ఎక్కించారు. మార్జరీ అనే కుక్క ఆ మందుతో డెబ్బై రోజుల దాకా బతికింది. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లవాడికి తొలి ఇన్సులిన్ సూది పడింది. కుక్క ఇన్సులిన్, పంది ఇన్సులిన్ అణువు అణువూ ఒకటే. మనిషిదానికి తేడా ఒక్క అమైనో ఆమ్లం. అందుకే మనుషుల మందు కాళికి పనిచేస్తోంది.

కాళి తొట్టి నీళ్లు ఖాళీ చేయడం, ఊరికే ఉచ్చపోయడం, తింటూనే చిక్కిపోవడం చూసి నలభై కిలోమీటర్ల దూరంలోని నంద్యాలకు తీసుకుపోయాం. డాక్టరు రక్తం, మూత్రం పరీక్ష చేసి తేల్చాడు. ఎద తర్వాత పెరిగే హార్మోను ఇన్సులిన్‌ను పనిచేయనివ్వదని గర్భసంచి ఆపరేషన్ కూడా చేశాడు. అప్పటినుంచి పన్నెండు గంటలకొకసారి కొలిచిన తిండి, వెంటనే సూది. తినకపోతే పూర్తి మోతాదు వేయకూడదు, డాక్టరును అడగాలి. సీసా మీద 40 యూనిట్లని ఉంటే సిరంజి కూడా 40దే, ఎర్రమూతది, కావాలి. పొగమంచులా ఉండే ఆ మందును కుదపకుండా అరచేతుల మధ్య దొర్లించాలి. ఎండాకాలం 45 డిగ్రీలు దాటి కరెంటు పోతే సీసాను డబ్బాలో పెట్టి తడి ఇసుకలోని కుండలో దాస్తాం. తూలినా, వణికినా చిగుళ్లకు తేనె రాసి డాక్టరుకు ఫోన్ చేయాలి.

కళ్లకు శుక్లాలు వచ్చాయి. షుగరున్న కుక్కల్లో చాలావాటికి ఇది తప్పదు. ఉలి చప్పుడును బట్టి కాళి పనిచోటుకు వస్తుంది. మా దగ్గర పని నేర్చుకునే పిల్లలు సూది వంతులు వేసుకున్నారు. తనకూ షుగరున్న పక్కింటి అవ్వ, తన సూది వేళకు గోడ మీదుగా “దానికి ఏసినావా నాయనా?” అని అడుగుతుంది. ఆచారం ఇట్లాగే పుడుతుంది, ఒక ఇల్లు చేస్తే పక్కిల్లు చూసి.

మనిషి తాగే నీళ్లు దొరకని ఊళ్లో కుక్కకు ఇన్సులినా అని కోప్పడేవాళ్లున్నారు. వాళ్ల కోపం అర్థమవుతుంది. అయినా ఒక మాట చెప్పాలి. ఈ రోజు ఆళ్లగడ్డలో, నంద్యాలలో ఇన్సులిన్‌తో బతుకుతున్న ప్రతి మనిషీ ఆ టొరంటో కుక్కలకు బాకీ ఉన్నాడు. కాళికి వేసే సూది దయ కాదు, ఆ బాకీలో ఒక కంతు. మీ ఇంటి కుక్క అదేపనిగా నీళ్లు తాగుతుంటే ముసలితనమని వదిలేయకండి. దాని మూత్రం పట్టి పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి. షుగరున్న కుక్కకు ఇంకా బతుకుంది.