కరోనా కాలంలో గ్రంథాలయ సేవ: కేరళ గ్రామీణ గ్రంథాలయాలు, తెలుగు నాట శాఖా గ్రంథాలయాలు

కరోనా కాలంలో ప్రజా గ్రంథాలయాలు సమాజానికి ఏ మేరకు తోడ్పడ్డాయన్న ప్రశ్నకు గ్రంథాలయ శాస్త్ర రంగంలో ఒక సమాధానం స్థిరపడిపోయింది. భవనాలు మూతపడ్డాయి గనుక సేవ అంతర్జాలానికి తరలిందనీ, ఎన్ని ఈ-పుస్తకాలు దిగుమతి (డౌన్‌లోడ్) అయ్యాయో, ఎందరు సభ్యులు లాగిన్ అయ్యారో లెక్కిస్తే ఆ సేవ విలువ తేలుతుందనీ ఆ సమాధానం చెబుతుంది. దీనిని ఈ వ్యాసంలో డిజిటల్ ప్రత్యామ్నాయ వాదం అని వ్యవహరించడం జరిగింది. ఈ వాదాన్ని ప్రశ్నించకుండా అంగీకరించడం వల్ల గ్రంథాలయం చేసిన అసలు మేలు ఎక్కడ జరిగిందో, ఎక్కడ జరగకుండా పోయిందో తెలుగు పరిశోధకుల దృష్టికి రాలేదు. గ్రంథాలయపు మొదటి వనరు పుస్తకమో తెరో కాదనీ, ఊరి నడుమ ఉన్న చోటు, ఆ చోటును తమదిగా భావించి నడిపే మనుషుల సంఘం అనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

డిజిటల్ ప్రత్యామ్నాయ వాదులు చూపే ఉదాహరణలు అబద్ధాలు కావు. ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహిస్తున్న జాతీయ డిజిటల్ గ్రంథాలయం అప్పటికే అందుబాటులో ఉంది. లాక్‌డౌన్ తొలి రోజుల్లో నేషనల్ బుక్ ట్రస్ట్ నూరుకు పైగా పుస్తకాలను ఉచితంగా దించుకునే వీలు కల్పించింది. అయితే అవి ఎవరికి అందాయన్న ప్రశ్న దగ్గర ఈ వాదం మౌనం వహిస్తుంది. 2017–18 నాటి 75వ జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో అంతర్జాల సౌకర్యం ఉన్న గ్రామీణ కుటుంబాలు 14.9 శాతం, కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం మాత్రమే. గ్రంథాలయానికి వచ్చేవారిలో ఇంట్లో పుస్తకాలు లేనివారు ఉంటారనీ, వారిలో చాలామంది ఇంట్లో కంప్యూటరూ ఉండదనీ గుర్తిస్తే, దిగుమతుల లెక్క ఎవరిని లెక్కించకుండా వదిలేస్తుందో స్పష్టమవుతుంది. హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దుటి నుంచి రాత్రి దాకా పోటీ పరీక్షలకు చదువుకునే నిరుద్యోగ యువత అక్కడికి పుస్తకం కోసమే రాదు. ఇరుకు గదిలో దొరకని కుర్చీ కోసం, వెలుతురు కోసం, సాటివారి తోడు కోసం వస్తుంది. ఆ కుర్చీకి డిజిటల్ ప్రతి లేదు.

ఈ విషయంలో కేరళ అనుభవం నిశితంగా పరిశీలించదగినది. 2020 జూన్ 1న ఆ రాష్ట్ర ప్రభుత్వం విక్టర్స్ చానల్ ద్వారా 'ఫస్ట్ బెల్' పేరుతో బడిపిల్లలకు పాఠాల ప్రసారం మొదలుపెట్టింది. ఇంట్లో టీవీ గానీ అంతర్జాలం గానీ లేని విద్యార్థులు సుమారు 2.6 లక్షల మంది ఉన్నారని విద్యాశాఖ సర్వేలో తేలింది. ఈ పిల్లల కోసం ఇరుగుపొరుగు అధ్యయన కేంద్రాలను, అంటే నడిచి వెళ్లగలిగే దూరంలో కొద్దిమంది చొప్పున కూర్చొని పాఠం చూసే చోట్లను, ఏర్పాటు చేయవలసి వచ్చినప్పుడు అంగన్‌వాడీలతో పాటు గ్రామ గ్రంథాలయాలూ పఠన మందిరాలూ ముందుకు వచ్చాయి. అంతవరకూ వార్తాపత్రికలు పరిచిన బల్లల ముందు పిల్లలు దూరం దూరంగా కూర్చున్నారు. గోడ మీద దాతలు ఇచ్చిన టీవీ వెలిగింది. దిగుమతుల లెక్కతో చూస్తే ఆ రోజు ఆ గ్రంథాలయం ఒక్క పుస్తకం కూడా ఇవ్వలేదు, కనుక దాని సేవ సున్నా. చదువు ఆగిపోయే ప్రమాదంలో ఉన్న పిల్లవాడి వైపు నుంచి చూస్తే ఆ ఊళ్లో అంతకంటే ముఖ్యమైన స్థలం మరొకటి లేదు.

ఇది ఒక ప్రభుత్వ ఉత్తర్వు సాధించిన ఫలితం మాత్రమే అనుకోవడం పొరపాటు. ఉత్తర్వు అందుకొని తలుపు తీయడానికి ఊళ్లో ఒకరు ఉండాలి. 1945లో పి. ఎన్. పణిక్కర్ చొరవతో అంబలప్పుళలో 47 గ్రంథాలయాలతో మొదలైన గ్రంథశాలా సంఘం తరువాత ప్రభుత్వ యాజమాన్యంలోకి వచ్చింది; అయినా దాని ప్రజాస్వామిక స్వభావం చట్టంలో నిలిచింది. 1989 నాటి కేరళ చట్టం గ్రామ గ్రంథాలయాన్ని దాని సభ్యులు ఎన్నుకున్న కార్యవర్గం చేతిలోనే ఉంచి, తాలూకా, జిల్లా, రాష్ట్ర మండళ్లను ఎన్నికల ద్వారానే ఏర్పరిచింది. నిధులు ప్రభుత్వానివి, తాళంచెవి ఊరిది. దీనికి తోడు ఇంటింటికీ తిరిగి స్త్రీలకూ వృద్ధులకూ పుస్తకాలు ఇచ్చివచ్చే మహిళా గ్రంథపాలకుల పథకం ఒకటి అక్కడ కరోనాకు ముందే అమలులో ఉంది. ఏ ఇంట్లో ఒంటరి వృద్ధురాలు ఉందో, ఏ ఇంట్లో చదివే పిల్ల ఉందో ఆ గ్రంథపాలకురాలికి ముందే తెలుసు. మహమ్మారి వేళ ఏ ప్రభుత్వ శాఖకైనా కావలసిన మొదటి సమాచారం అదే, దానిని ఏ సాఫ్ట్‌వేరూ అప్పటికప్పుడు తయారు చేయలేదు.

విదేశీ ఉదాహరణలు కూడా ఈ వ్యాసపు వాదాన్నే బలపరుస్తున్నాయి. శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో గ్రంథాలయాలు మూతపడినప్పుడు అక్కడి గ్రంథపాలకులను సంపర్కుల గుర్తింపు పనికి, అంటే రోగి ఎవరెవరిని కలిశాడో విచారించి వారిని హెచ్చరించే పనికి, నియోగించారు. తెలియని మనిషిని ఓపికగా ప్రశ్నించి అతనికి కావలసినదేమిటో రాబట్టే నేర్పు సూచికా సేవలో, అంటే పాఠకుడు కోరిన సమాచారాన్ని వెతికి ఇచ్చే పనిలో, ఏళ్ల తరబడి అలవడినదే. అమెరికా గ్రంథాలయ సంఘం భవనాలు మూసినా వైఫై ఆపవద్దని సూచించింది. భవనం బయట, వాహనాలు నిలిపే చోట కూర్చొని జనం ఆ సౌకర్యాన్ని వాడుకున్నారు. డిజిటల్ సేవ కూడా చివరికి ఒక చోటును ఆశ్రయించిందన్న సంగతి ఇక్కడ గమనించాలి.

తెలుగు నాట ఈ సంప్రదాయం లేదని ఎవరైనా అంటే అది చరిత్ర తెలియని మాట. 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల పూనికతో ఆంధ్రదేశ గ్రంథ భాండాగార ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. ప్రభుత్వం ఒక్క రూపాయి ఇవ్వకముందే ఊరూరా పఠన మందిరాలు వెలిశాయి. వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టిన 1918వ సంవత్సరం ఇన్‌ఫ్లుయెంజా దేశంలో కోటికి పైగా ప్రాణాలను బలిగొన్న సంవత్సరం కూడా. ఆ విపత్తు నడుమ కూడా ఒక చేనేత ఊరి యువకులు గ్రంథాలయం పెట్టుకోవడాన్ని యాదృచ్ఛికమే అనుకున్నా అది గమనించదగినది. ఆపద ఏడాదిలో కూడా సమాజం కలిసి నిలబడే చోటును తనకు తానే కల్పించుకోగలిగిందని ఇది చూపుతుంది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద నడిపిన పడవ గ్రంథాలయం పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలన్న సూత్రాన్ని ఆచరణలో చూపింది. లాక్‌డౌన్ కాలానికి కావలసిన సూత్రం సరిగ్గా ఇదే.

అటువంటి నేల మీద 2020 మార్చిలో శాఖా గ్రంథాలయాలకు తాళం పడితే, వాటిని మరో రూపంలో వాడుకుందామన్న ఆలోచన పెద్దగా వినిపించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో జూన్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా 'విద్యావారధి' పాఠాలు, తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా డిజిటల్ తరగతులు మొదలయ్యాయి. టీవీ లేని పిల్లల బాధ్యత మాత్రం ప్రధానంగా ఉపాధ్యాయుల మీద, పంచాయతీల మీద పడింది. దీనికి కారణం సిబ్బంది నిర్లక్ష్యం కాదు, సంస్థ నిర్మాణం. 1948 నాటి మద్రాసు చట్టం, 1955 నాటి హైదరాబాద్ చట్టం, వాటిని కలిపిన 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం గ్రంథాలయానికి సెస్సు రూపంలో, అంటే ఆస్తి పన్నులో రూపాయికి ఇన్ని పైసలు చొప్పున అదనంగా వసూలు చేసే సుంకం రూపంలో, స్థిరమైన ఆదాయాన్ని చూపించాయి. ప్రతిగా ఊరి చేతిలోని తాళంచెవిని తీసుకున్నాయి. జిల్లా గ్రంథాలయ సంస్థకు ప్రభుత్వం నియమించే అధ్యక్షుడు ఉంటాడు. శాఖా గ్రంథాలయానికి పాఠకులు ఎన్నుకున్న కార్యవర్గం ఉండదు. స్థానిక సంస్థలు సెస్సును వసూలు చేసి కూడా జమ చేయకుండా బకాయి పెట్టినప్పుడు అడిగే గొంతు ఊళ్లో లేకపోవడానికీ, కరోనా వేళ తలుపు తెరిచే చెయ్యి లేకపోవడానికీ మూలం ఒకటే. తెలుగు రాష్ట్రాలలో ఆశా కార్యకర్తలు, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ వాలంటీర్లు ఇంటింటి సర్వే వంటి పనులు చేశారు గనుక గ్రంథాలయం అవసరం పడలేదన్న వాదన ఒకటి ఉన్నా, ఉన్న భవనం ఖాళీగా ఉండడాన్ని అది సమర్థించలేదు.

దీనిని బట్టి ఎన్నికైన కార్యవర్గం ఉన్న గ్రంథాలయం విపత్తు వేళ తలుపు తెరిచే అవకాశం ఎక్కువనీ, నియమితుల చేతిలో ఉన్నదానికి ఆ అవకాశం తక్కువనీ భావించవచ్చు. వరదలు, తుపానులు ఏటా చూసే కోస్తా జిల్లాలకు ఇది పుస్తకాల సమస్య మాత్రమే కాదు. రెండు తెలుగు రాష్ట్రాలూ 1960 నాటి చట్టాన్ని సవరించి, ప్రతి శాఖా గ్రంథాలయానికీ పాఠకులు ఎన్నుకునే కార్యవర్గాన్ని కల్పించాలి. సెస్సు బకాయిలను గడువు పెట్టి జమ చేయించాలి. జిల్లా విపత్తు నిర్వహణ ప్రణాళికలలో శాఖా గ్రంథాలయ భవనాన్ని పేరుపేరునా చేర్చాలి. గ్రంథాలయ శాస్త్ర పరిశోధకులు కూడా దిగుమతుల పట్టికలను కొంతకాలం పక్కన పెట్టి, 2020లో తమ ఊరి శాఖా గ్రంథాలయం తాళంచెవి ఎవరి దగ్గర ఉందో విచారించి నమోదు చేయాలి.